పదిహేను రోజుల కాగితం

"గడియ ఊడితే ఊడింది. నాకు డెబ్బై తొమ్మిదేళ్లు. ఈ వయసులో నన్ను తొంగిచూసే మగాడుంటే నేనే పిలిచి కాఫీ ఇస్తా," అంది పాసింగ్ ముసలమ్మ, రొట్టె ముక్కని కాఫీలో ముంచుతూ.

"మీ సంగతి కాదత్తమ్మా. ఆరుగురున్న ఇంట్లో స్నానాల గదికి గడియ లేకపోతే ఎలాగ? శుక్రవారం నుంచి మొత్తుకుంటున్నా," అంది ఎస్తెలా, ఆఫీసుకి వేసుకెళ్లే నీలం చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

"లోపలున్నంతసేపూ నేను పాట పాడుతున్నాగా."

"ఆ పాట ఆగాలనే అడుగుతున్నా."

ఎస్తెలా భర్త దోమింగ్ ఫక్కున నవ్వాడు. తెల్లారకముందే పాయలో దిగి, వెదురు గుంజలకి పట్టిన ఆలిచిప్పల్ని గీకి తెచ్చి అప్పుడే పెరట్లో గుమ్మరించాడు. మోకాళ్ల దాకా అంటిన బురద ఇంకా ఆరలేదు. "మనింట్లో మనకి గడియలేంటి ఎస్తెలా? వీధి గేటుకుంది, చాలదూ?"

"నీకక్కర్లేదయ్యా. కోడలి పిల్లకి కావాలి. ఏమ్మా జోవిలిన్, నోరు విప్పి చెప్పు."

జోవిలిన్ పెరటి చూరు కింద పీట మీద కూర్చుని చిప్పలు విప్పుతోంది. తలెత్తలేదు. "వద్దులెండి అత్తయ్యా. నాక్కూడా అక్కర్లేదు," అంది. ముందే సిద్ధం చేసి పెట్టుకున్న జవాబులా ఉంది.

ఎస్తెలా ఆమె చేతుల వంక చూసింది. చిప్పలు విప్పడంలో ఆ వీధిలో జోవిలిన్‌ని మించినవాళ్లు లేరు. చిప్పని ఎడం అరచేతిలో పడుకోబెట్టి, కీలు దగ్గర కత్తి మొన ఆనించి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే విడిపోయేది. ఇవాళ కత్తి ఎడం చేతిలో ఉంది. చిప్ప జారిపోతోంది. కుడిచేతి చూపుడు వేలికి పాత చొక్కా పీలిక చుట్టి ఉంది.

"ఏమైంది వేలికి?"

"చిప్ప గీసుకుంది అత్తయ్యా."

"ఆలిచిప్ప గీరితే చీము పడుతుంది. మందు రాసుకో."

"రాసుకున్నా."

వెనక గది తలుపు తెరుచుకుని రెయ్‌మార్ బయటికొచ్చాడు. తలదువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. నాయనమ్మ దగ్గరికెళ్లి వంగి, ఆమె చెయ్యందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. తర్వాత తల్లి వెనగ్గా వచ్చి భుజం మీద గడ్డం పెట్టాడు. "గడియ గురించేనా అమ్మా ఈ గొడవంతా? గురువారం రాత్రి గాలికి తలుపు కొట్టుకుని ఊడిపోయింది. రేపు కొత్తది తెచ్చి బిగిస్తాగా."

"ఏ రేపురా?"

"రేపంటే రేపే. నా తల్లివి కదూ."

"గాలా?" అన్నాడు దోమింగ్, కాళ్ల మీద నీళ్లు పోసుకుంటూ. "వారం నుంచి పాయలో ఆకు కదలట్లేదు."

నాలుగేళ్ల అయా తన పాలగ్లాసు పట్టుకుని, నాన్న కుర్చీ లాక్కుని కూర్చునే లోపే లేచి, ముసలమ్మ కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడింది. రెయ్‌మార్ చేతిలో ఫోను గలగలమని పాడింది. తెర మీద జూదపు ఆటలో రంగురంగుల పళ్లు గిర్రున తిరిగి, ఆగి, మళ్లీ తిరిగాయి.

"పొద్దున్నే మొదలెట్టావా నోనోయ్?" అంది ఎస్తెలా. చిన్నప్పటి ముద్దుపేరు అది.

"ఊరికే చూస్తున్నానమ్మా."

రోజూ రాత్రి ఆ ఫోను పాట వెనక గది వెదురు తడికలోంచి వినిపిస్తూనే ఉంటుంది. అది ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడల్లా ఎస్తెలా లేచి రేడియో గొంతు పెంచుతుంది. ముసలమ్మకి వినపడదు కదా అని.

గోడ గడియారం ఏడున్నర చూపిస్తోంది. ఎస్తెలా సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

*

ఊరి పంచాయతీ నడిచే బరంగాయ్ ఆఫీసులో, ఎస్తెలా చూసుకునే ఆడవాళ్ల ఫిర్యాదుల బల్ల ఒక మూలన ఉంది. చుట్టూ పువ్వుల కర్టెన్ ఎస్తెలా తనే కుట్టి కట్టింది. లోపల బల్ల, మూడు కుర్చీలు, ముక్కు తుడుచుకోవడానికి కాగితాల పెట్టె, గోడ మీద చట్టం అచ్చేసిన పెద్ద కాగితం. సగం నుంచి కిందికి ఆ కాగితం కనపడదు. సిమెంటు దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండరు దాని మీద వేలాడుతోంది. ఆ బల్ల దగ్గరికొచ్చి విడిపోయిన జంట నాలుగేళ్లలో ఒక్కటీ లేదని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడు ఎస్తెలా కాదనదు, అవుననదు, చొక్కా సర్దుకుంటుంది.

ఆ సోమవారం లిజెల్ వచ్చింది. రేవు దగ్గర ఎండుచేపలు అమ్మే అమ్మాయి. ఇరవయ్యారేళ్లుంటాయి. కుడి చూపుడు వేలికి ఐస్‌ఫ్రూట్ పుల్ల ఆనించి గుడ్డ కట్టుకుంది. కబురు పెడితే మొగుడు రోలీ కూడా వచ్చాడు. ఎస్తెలా పద్ధతి ప్రకారం ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది. ఎదురెదురుగా కూర్చుంటే కోర్టులా ఉంటుంది, పక్కపక్కన అయితే పెళ్లినాటిలా ఉంటుందని ఆమె నమ్మకం.

"చెప్పమ్మా."

"ఫోన్లో ఆటాడతాడు పిన్నీ. పోయినప్పుడల్లా నన్ను కొడతాడు."

"వేలికేమైంది?"

లిజెల్ పక్కకి చూసింది. రోలీ తన టోపీ అంచు తిప్పుకుంటున్నాడు. "తలుపులో నలిగింది," అంది.

తలుపులో నలిగింది, అని ఎస్తెలా రిజిస్టరులో రాసింది.

ఊరి పెద్ద కపితాన్ తినోంగ్ వచ్చి కూర్చున్నాక రోలీ బాగా ఏడ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని పెళ్లాం ఒడిలో తల పెట్టాడు. కర్టెన్ అవతల ఊరి కావలి బెర్తో, "అక్కా, ఇంకొంచెం ఏడిస్తే మన బావి నిండిపోతుంది," అంటే అందరూ నవ్వారు. లిజెల్ కూడా పెదవులు కదిలించింది. ఎస్తెలా ఒప్పందం రాసింది. ఒకటి, భర్త ఫోన్లో జూదం ఆడడు. రెండు, భార్య మీద చెయ్యి చేసుకోడు. అక్కడ కలం ఆపి లిజెల్ వైపు చూసింది.

"నువ్వూ ఏదో ఒకటి ఒప్పుకోవాలమ్మా. అన్నీ మగాడి మీదే రాస్తే అతనికి పదిమందిలో మొహం ఉండదు. ఒప్పందం నిలబడదు."

మూడు, భార్య సాధించదు, గొంతు పెంచదు.

సంతకాలయ్యాయి. లిజెల్ ఎడం చేత్తో పెట్టింది. ఎస్తెలా తన ఖర్చుతో ఎప్పటిలాగే ఎదురింటి నుంచి పాన్సిత్ తెప్పించింది. కూరముక్కలతో వేయించిన ఆ సేమ్యా ఒక్క పళ్లెంలోంచి ఇద్దరూ తినాలి. సేమ్యా పోగులు పొడుగు కాబట్టి కాపురం పొడుగని అందరూ అనుకుంటారు. రోలీ రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఫొటో తీశారు.

అందరూ బయటికి నడిచాక లిజెల్ వెనకబడింది. "పిన్నీ, ఇంకో కాగితం ఉంటుందటగా? కపితాన్‌గారు సంతకం పెడితే, పదిహేను రోజుల్లో మళ్లీ చెయ్యెత్తితే జైలని..."

"ఉంది. అది ఆఖరికి తల్లీ. దాని దాకా వెళ్తే ఇల్లు ఇల్లు కాదు. ఇంత బాగా అయ్యాక ఎందుకిప్పుడు?"

లిజెల్ తల ఊపింది. పళ్లెంలో తన వైపు పాన్సిత్ అలాగే ఉంది.

*

బుధవారం రేవులో లిజెల్ చేపల బుట్టలు లేవు. మంగళవారం కూడా రాలేదని పక్క బుట్టల ఆమె చెప్పింది. ఎస్తెలా పెన్నూ కాగితాలూ ఉన్న సంచితో లిజెల్ ఇంటికే నడిచింది.

రోలీ గుమ్మంలో కూర్చుని తన సైడ్‌కార్ బండి గొలుసుకి నూనె రాస్తున్నాడు. "రండి పిన్నిగారూ, రండి! చూశారా?" అని లోపలికి వేలు చూపించాడు. గోడ మీద బాలయేసు పటం పక్కన ఒప్పందం నకలు అంటించి ఉంది. ప్లాస్టిక్ కవరు తొడిగించాడు. "మీ రాత ఎంత బావుందో! వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నా."

"లిజెల్ ఏది?"

"పడుకుంది. దానికి కొంచెం ఒంట్లో బాగోలేదు." గొలుసు తిప్పుతూ అన్నాడు. "మూడో షరతు చదవండి పిన్నిగారూ. సాధించకూడదనీ గొంతు పెంచకూడదనీ. మీరే రాశారు. నిన్న అది ముందు తప్పింది. నేను కాదు. నేను కాగితం చూపించి మరీ చెప్పాను దానికి, ఇదిగో నీ సంతకం అని."

అతని గొంతులో కోపం లేదు. ఎస్తెలాకి అందుకే భయం వేసింది. ఏదో దుకాణంలో రసీదు చూపించి సరుకు మార్చుకున్నవాడిలా మాట్లాడుతున్నాడు.

లోపలి కిటికీ తెర కొంచెం పక్కకి జరిగింది. లిజెల్ మొహం సగమే కనపడింది. కుడి చెయ్యి పైకెత్తింది. పుల్ల కట్టిన వేలి పక్కన నడిమి వేలు వాచి, నల్లగా, వేరే ఎవరిదో అయినట్టు పక్కకి తిరిగి ఉంది.

తను ఏం చెయ్యబోతోందో ఎస్తెలాకే తెలియదు. నోరు మాత్రం ఆఫీసు నోరు అయింది. "నకలు మీద కూడా సంతకాలుండాలి రోలీ. పట్నం పంపాలి. లేకపోతే ఇది చెల్లదు."

"చెల్లదా?"

"ఆడమనిషిది ముందు పెట్టించాలి. నీది సాయంత్రం. దాన్ని తీసుకెళ్లి తీసుకొచ్చేస్తా."

రోలీ గోడ మీది కాగితం వంక చూశాడు. అది చెల్లకపోవడం అతనికి ఇష్టం లేదు. "మళ్లీ పాన్సిత్ ఉందా ఏంటి?" అని నవ్వాడు.

"ఉంటుంది," అంది ఎస్తెలా.

వీధి మలుపు దాటే వరకూ ఇద్దరూ వెనక్కి తిరిగి చూడకుండా నడిచారు. మలుపు దాటగానే ఎస్తెలా ఎదురొచ్చిన మొదటి బండి ఆపి, లిజెల్‌ని ఎక్కించి, పట్నం ఆసుపత్రికి పోనిమ్మంది. బండి గతుకుల్లో ఎగిరినప్పుడల్లా లిజెల్ ఆ చెయ్యి పైకి పట్టుకుని కూర్చుంది.

"ఫోను తెరుచుకోవాలంటే నా వేలే కావాలి పిన్నీ. చేపల డబ్బంతా అందులోనే పడుతుంది. నేను నిద్రపోయాక వేలు తీసుకుని ఆనిస్తాడు. ఓ రోజు మెలకువొచ్చింది. పిడికిలి బిగించాను." గాలికి ఎగురుతున్న జుట్టుని నోట్లోంచి తీసుకుంది. "విప్పాడు."

"తలుపులో అన్నావు."

"వాడు పక్కనే కూర్చున్నాడుగా. మీరు రాసేసుకున్నారు." ఆ మాటలో నిందేమీ లేదు. "నిన్న, కట్టున్న వేలిని ఫోను గుర్తుపట్టట్లేదు, పక్క వేలు పెట్టమన్నాడు. పెట్టనన్నాను. గట్టిగానే అన్నాను. మూడో షరతు."

ఆసుపత్రిలో ఆడవాళ్లకీ పిల్లలకీ విడిగా ఒక గది ఉంది. డాక్టరు వేళ్లు చూస్తుండగా, సంక్షేమ శాఖ అమ్మాయి ఒకామె వచ్చి, ఎస్తెలాని గది బయట నిలబెట్టి, లిజెల్‌తో ఒంటరిగా మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. బయటికొచ్చాక ఒప్పందం అసలు ప్రతి అడిగింది. చదివింది. ఆమెకి ముప్పయ్యేళ్లు కూడా ఉండవు.

"మీరే రాశారా ఆంటీ?"

"నేనే."

"ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అడిగారా?"

ఎస్తెలా అవునంది. ఆ అమ్మాయి తిట్టలేదు. కాగితాన్ని నీటుగా మడిచి ఫైల్లో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"నన్ను ఎక్కడ ఉంచుతారో మీకు కూడా చెప్పరట పిన్నీ," అంది లిజెల్, వెళ్లేముందు.

"చెప్పొద్దులే తల్లీ. అదే మంచిది."

తిరుగు ప్రయాణంలో బండివాడు ఏదో అడుగుతున్నాడు, వాళ్ల ఆవిడ చెల్లెలికి ఆఫీసులో ఏదైనా పని దొరుకుతుందా అని. ఎస్తెలా ఊ కొడుతోంది. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు ఎండలో తళతళమంటున్నాయి. ఆమె తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. చూపుడు వేలు. చిప్పలు విప్పేవాళ్లకి చిప్ప గీసుకునేది ఎడం అరచెయ్యి. చిప్ప ఉండేది అందులో. కుడిచేతిలో ఉండేది కత్తి పిడి. ముప్పయ్యేళ్లు చిప్పలు విప్పిన మనిషి ఈ సంగతి సోమవారం పొద్దున్నే చూసి, మందు రాసుకోమని చెప్పి, ఆఫీసుకి వెళ్లింది.

గడియ ఎవరైనా లోపలుండి వేసుకుంటేనే కదా, బయట్నుంచి తన్నితే ఊడేది.

"ఏమంటారు మేడమ్?" అన్నాడు బండివాడు.

"కొంచెం తొందరగా పోనీ నాయనా."

*

ఆ సాయంత్రం ఆమె ఏమీ అనలేదు. రాత్రి పాట ఆగినప్పుడు మాత్రం లేచి రేడియో కట్టేసింది. "నోనోయ్, అయాకి దగ్గొస్తోంది, దాన్నీ జోవిలిన్‌నీ నా దగ్గర పడుకోనీ," అని కేకేసింది. తడిక అవతల చాలాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత జోవిలిన్ నిద్రపోని పిల్లని ఎత్తుకుని వచ్చింది. పిల్ల దగ్గలేదు.

గురువారం రెయ్‌మార్ చిప్పల బుట్టలు మోటారుసైకిలుకి కట్టుకుని పట్నం వెళ్లాడు. ఎస్తెలా ఆఫీసుకి ఆలస్యమవుతుందని కబురంపి, పీట లాక్కుని కోడలి ఎదురుగా కూర్చుంది. కత్తి తీసుకుంది. కాసేపు ఇద్దరూ చిప్పలు విప్పారు.

"పీలిక విప్పు."

"వద్దత్తయ్యా."

"ఫోను కోసమేనా?"

జోవిలిన్ కత్తి ఆగింది. చిప్పలోంచి నీళ్లు ఆమె మోచేతి మీదుగా కారాయి. చూరు అవతల దారికేసి చూసింది, మోటారుసైకిలు చప్పుడు కోసం. అది లేదని తేల్చుకున్నాక పీలిక విప్పింది. వేలు లిజెల్ వేలికి కవలలా ఉంది.

"ఎన్నాళ్లయింది?"

"వేలా, మిగతావా?"

ఎస్తెలా తల వంచుకుంది. "నా బల్ల వీధి చివర్నే ఉంది కదే. ఊళ్లో అందరూ వస్తారు. నువ్వెందుకు రాలేదు?"

"మీ దగ్గరికొస్తే ఏం చేస్తారత్తయ్యా?" జోవిలిన్ మెల్లగానే అంది. "పాన్సిత్ తెప్పిస్తారు. ఆయన ఏడుస్తారు. నేను ఏదో ఒకటి ఒప్పుకోవాలి. నా దగ్గర ఒప్పుకోవడానికి ఇంకేం మిగల్లేదు."

పెరటి గుమ్మంలో పాసింగ్ ముసలమ్మ నిలబడి ఉందని ఇద్దరూ అప్పుడే చూశారు. "ఏంటలా ఆగిపోయారు? నాకు వినపడదుగా," అంది ముసలమ్మ. వచ్చి, బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. "రేడియో పెంచిన దగ్గర్నుంచి అసలు వినపడదు."

ఎస్తెలా చేతిలో చిప్పని రెండుసార్లు తిప్పి, విప్పకుండానే పక్కన పెట్టింది.

"ఏం కావాలి నీకు? నాకేం తోచిందో చెప్పను. నీకేం కావాలో చెప్పు. అమ్మ దగ్గరికెళ్తావా?"

"అనుకున్నా. అయాని గుమ్మం దాటిస్తే పిల్లని పాయలో వెతుక్కోమన్నారు ఆయన." అంత మాట అంటున్నప్పుడూ ఆమె గొంతు చిప్పలు ఎన్నున్నాయో చెప్పేటప్పటిలాగే ఉంది. "అయినా నేనెందుకెళ్లాలి? నాకెక్కడికీ వెళ్లాలని లేదత్తయ్యా. నిద్రపోవాలని ఉంది. రెండు కళ్లూ మూసుకుని."

"కపితాన్ సంతకం పెట్టే కాగితం ఒకటుంది."

"తెలుసు. చొక్కా ఉతికేటప్పుడు మీ జేబులో ఫారం చూశా. మూడుసార్లు ఉతికాను ఆ ఫారంతో సహా." నవ్వబోయింది. "నేనడిగానని తెలిస్తే కాగితం వచ్చేలోపే చంపేస్తారు."

"నువ్వడగవు," అంది ఎస్తెలా. "ఆడమనిషే అడగాలని లేదు. దగ్గర బంధువులెవరైనా అడగొచ్చు. అత్తగారు బంధువే కదా?"

జోవిలిన్ ఆమె మొహం వంక చూసింది. "ఆయన మీ కొడుకు."

"అవును."

"మీ చేత్తో రాస్తారా?"

"రాయమంటేనే. వద్దంటే ఇప్పుడే ఆపేస్తా."

దారిలో ఎక్కడో మోటారుసైకిలు మోగింది. ముగ్గురూ తలలు తిప్పి, అది దాటిపోయే వరకూ ఊపిరి బిగబట్టారు. అది వేరే ఎవరిదో. కానీ ముగ్గురూ ఒకేసారి అలా బిగుసుకోవడం ఎస్తెలా చూసింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి కూడా.

"రాయండి," అంది జోవిలిన్, వేలికి మళ్లీ పీలిక చుట్టుకుంటూ.

*

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి ఎస్తెలా గోడ మీది క్యాలెండరు తీసి మడిచి చెత్తబుట్టలో పెట్టింది. అచ్చు కాగితం కింది సగం మేకు తుప్పు మరకలతో బయటపడింది. రాజీకి ఒత్తిడి చెయ్యకూడదన్న వాక్యం అక్కడే ఉంది. దాన్ని ఒకసారి చదివి, ఫారం తీసి, అడుగుతున్నవారి పేరు దగ్గర తన పేరు రాసింది. ఎవరి మీద అన్న చోట రెయ్‌మార్ పేరు రాయడానికి కొంచెంసేపు పట్టింది. అదే పేరు చర్చిలో, బడిలో ఎన్ని ఫారాల మీద రాసిందో.

కపితాన్ తినోంగ్ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. రెయ్‌మార్‌కి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా పిల్లాణ్ణి చేతుల్లో పట్టుకున్నది ఆయనే.

"వదినా, ఇదేంటి?"

"చదివారుగా అన్నయ్యా."

"వాడు నా కొడుకులాంటివాడు. పిలిపించు. నాలుగు తగిలిస్తాను. ఇద్దరినీ కూర్చోబెడదాం. కావాలంటే ఈసారి పాన్సిత్ ఖర్చు నాది."

"వద్దు."

"ఇంటి పరువు వీధిన పెట్టుకుంటావా? రేపు మొగుళ్లూ పెళ్లాలూ నీ దగ్గరికి ఏం మొహం పెట్టుకుని వస్తారు? మీ ఇంట్లోనే అట కదా అంటారు."

"అంటారు," అంది ఎస్తెలా. "అన్నయ్యా, లిజెల్‌కి ఇప్పుడు రెండు వేళ్లు కట్లున్నాయి. ఒకటి మనం ఒప్పందం రాయకముందుది. ఒకటి రాసిన తర్వాతది. మా కోడలిది ఇప్పటికి ఒకటే. రెండోది వచ్చేదాకా ఆగుదామా?"

కపితాన్ కిటికీలోంచి జెండా కర్ర కేసి చూశాడు.

"ఆ కాగితం చూడండి, గోడ మీద. మనం రాజీ చేయించకూడదు. అడిగిన రోజే మీరు సంతకం పెట్టాలి. నాలుగేళ్లు దాని కిందే కూర్చున్నాను. మీరూ రోజూ దాని ముందే నడిచారు."

"సంతకం పెట్టనంటే?"

"పట్నం వెళ్తాను. అక్కడో చిన్నపిల్ల ఉంది, నాకన్నా బాగా చదివింది."

ఆయన చాలాసేపు కలం మూత తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి పెట్టాడు. రోజూ మూడు వంకరలతో పెట్టే సంతకాన్ని ఇవాళ ఒక్కొక్క అక్షరం విడివిడిగా రాశాడు. "బెర్తోనీ ఇంకొకణ్ణీ తీసుకెళ్లు వదినా. ఒక్కదానివే వాడికి చెప్పకు," అన్నాడు, తలెత్తకుండా.

*

మధ్యాహ్నం భోజనానికి ఎస్తెలా పచ్చి బొప్పాయి, మునగాకు వేసి కోడి పులుసు పెట్టింది. శుక్రవారం ఆమె ఇంటికొచ్చి తినడం ఎవరికీ అలవాటు లేదు. దోమింగ్ సంబరపడ్డాడు. రెయ్‌మార్ చేతులు కడుక్కుంటూ, "ఇవాళ నా పుట్టినరోజా అమ్మా?" అన్నాడు. తొడ ముక్క ఎప్పుడూ అతనిదే. ఆమె అతని పళ్లెంలోనే వేసింది. అన్నం వేసింది, పులుసు పోసింది.

గేటు దగ్గర బల్ల మీద బెర్తో, ఇంకో కావలి మనిషి వచ్చి కూర్చున్నారు. టోపీలు ఒళ్లో పెట్టుకున్నారు.

"బెర్తో అన్నా! సమయానికొచ్చావ్, రా, తిందువుగాని!" కేకేశాడు రెయ్‌మార్.

ఆ ఊళ్లో ఆ పిలుపుకి ఎవరైనా నవ్వి, లోపలికొచ్చి, కనీసం ఒక్క చెంచా తింటారు. బెర్తో నవ్వలేదు. "తినొచ్చాంరా," అన్నాడు.

రెయ్‌మార్ ముద్ద చేతిలోనే పట్టుకుని బయటికి చూశాడు. తర్వాత బల్ల చుట్టూ చూశాడు. జోవిలిన్ పళ్లెంలో అన్నం అలాగే ఉంది. ముసలమ్మ చెయ్యి చాచి అయాని తన కుర్చీలోకి, ఒళ్లోకి లాక్కుంది.

ఎస్తెలా గరిటె గిన్నెలో పెట్టింది. కూర్చోలేదు. నీళ్లు రేపు రావట, కరెంటు పోతుందట అని చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది.

"అందరూ వినండి. ఇవాళ కపితాన్ ఒక కాగితం మీద సంతకం పెట్టారు. రెయ్‌మార్, నువ్వు జోవిలిన్‌ని కొట్టినా, పిల్లని అడ్డం పెట్టి బెదిరించినా పోలీసులొస్తారు. పదిహేను రోజులు. ఆలోగా మేం పట్నం కోర్టుకెళ్లి ఇంకా పెద్దది అడుగుతాం."

రెయ్‌మార్ నవ్వాడు. నవ్వు మొహం మీద ఉండగానే కళ్లు మెల్లగా జోవిలిన్ వైపు తిరిగాయి. అతని కుర్చీ కాలు నేల మీద గీరింది. గేటు దగ్గర బెర్తో లేచి నిలబడ్డాడు.

"దాని వంక చూడకు. నా వంక చూడు. అడిగినవాళ్ల పేరు దగ్గర ఉన్నది నా పేరు."

"ఎస్తెలా," అన్నాడు దోమింగ్. "ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? కొడుకు వాడు."

"నువ్వూ విన్నావు దోమింగ్. నేనూ విన్నాను. మధ్యలో ఉన్నది తడిక."

దోమింగ్ నోరు తెరిచాడు. ముసలమ్మ కొడుకు మోచేతి మీద చెయ్యి వేసింది.

"అమ్మా," అన్నాడు రెయ్‌మార్. చిన్నప్పటి గొంతుతో అన్నాడు. ఆ గొంతు వింటే ఎప్పుడూ ఆమె చేతులు వాటంతటవే ముందుకెళ్తాయి. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"కాగితంలో నిన్ను ఇంట్లోంచి పొమ్మని లేదు నోనోయ్. నేను చూశాను, లేదు. ఆ మాట నేను చెబుతున్నాను. మీ మావయ్యకి చెప్పాను, పడవల షెడ్డులో పడుకోనిస్తాడు. తొందరేం లేదు, అన్నం తిను. తిన్నాక బట్టలు సర్దుకో, వీళ్లు నిన్ను బస్సెక్కిస్తారు. జోవిలిన్, అయా ఇక్కడే ఉంటారు."